డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమునందలి బీదలకు వసంత ఋతువనిన భయము పుట్టుచుండెను. చలికాలము గడచి, చెట్లు చిగిర్చి, ఎండ కాయనారంభించిన కొలది దినములకే అనేకుల చేతుల మీదను, మెడ చుట్టును, ముఖము మీదను చర్మము ఎఱ్ఱబారెడిది. పిదప అది నల్లబడి, గరుకెక్కి, పొలుసులుగా ఊడిపోయెడిది. నాలుక పుండై ఆహారము మింగుడు పడకుండెడిది. విరేచనములు పట్టుకొని మనిషి శుష్కించిపోయెడివాడు. కొందరికి తుదకు మతి చెదరి, తమ వారిని తామే గుర్తింపలేని దశ వచ్చెడిది. అట్టివారిని ఉన్మాద చికిత్సాలయములకు చేర్చుచుండిరి. అక్కడినుండి తిరిగి వచ్చినవారు తక్కువ.

ఈ వ్యాధి పేరు పెల్లాగ్రా. గరుకు చర్మము అని అర్థమిచ్చు ఇటలీ మాట అది. స్పెయిను దేశమున గాస్పర్ కాసల్ అను వైద్యుడు 1735వ సంవత్సరముననే దీనిని గుర్తించి వర్ణించెను. ఐరోపాలో మొక్కజొన్న బీదల ముఖ్యాహారమైన చోటనెల్ల ఈ జబ్బు కనిపించుచు వచ్చెను. అమెరికాలో దీనిని వైద్యులు గుర్తించినది 1907 ప్రాంతమున మాత్రమే. అప్పటినుండి 1940 వరకు సుమారు 30 లక్షల మంది దీని పాలబడిరనియు, వారిలో లక్షమంది మరణించిరనియు అంచనా. కారణమేదో తెలియదు. అంటువ్యాధియేమో యను భయముచే కొన్ని ఆసుపత్రులు రోగులను చేర్చుకొనుటకే నిరాకరించెను. 1912లో నియమింపబడిన ఒక వైద్య సంఘము దక్షిణ కెరొలినా రాష్ట్రమున రెండు సంవత్సరములు పరిశోధించి, ఇది ఒకరినుండి యొకరికి సోకు వ్యాధియే కావలెనని అభిప్రాయపడెను.

ఆ అభిప్రాయమును తలక్రిందులు చేసినవాడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్.

ఆయన 1874వ సంవత్సరము జూలై 16వ తేదీన ఆనాటి ఆస్ట్రియా-హంగరీ రాజ్యమునందలి గిరాల్ట్ అను చిన్న ఊరిలో ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆ ఊరు నేడు స్లొవేకియా దేశములో నున్నది. తలిదండ్రులు గొఱ్ఱెల కాపరులు. తెగులు తగిలి మంద నశింపగా వారికి బ్రదుకు దెరువు లేకపోయెను. 1883లో వారు పిల్లలతో అమెరికాకు వలసపోయి, న్యూయార్కు నగరమున పరదేశములనుండి వచ్చిన బీదలు కిక్కిరిసి యుండు పేటలో కాపురము పెట్టిరి. తండ్రి ఒక చిన్న పచారీ కొట్టు నడుపుచుండెను.

జోసెఫు చదువులో చురుకైనవాడు. 16 ఏండ్ల వయస్సున ఇంజనీరు కావలెనని కళాశాలలో చేరెను. ఒకనాడు స్నేహితుని వెంట బెల్‌వ్యూ వైద్యకళాశాలకు పోయి అక్కడ ఒక ఆచార్యుని ఉపన్యాసము వినుట తటస్థించెను. అంతటితో ఆయన మనసు మారిపోయెను. ఇంజనీరింగు విడిచి వైద్యము చదివి, 1895లో పట్టము పొందెను. తరువాత పెన్సిల్వేనియా రాష్ట్రములో ఒక పట్టణమున సొంత వైద్యము ప్రారంభించెను గాని, ఆ పని ఆయనకు రుచింపలేదు. 1899లో ప్రభుత్వ వైద్యశాఖలో చేరెను. ఓడలు దిగి వచ్చు వలస జనమును పరీక్షించుట ఆయన మొదటి ఉద్యోగము. 16 ఏండ్ల క్రిందట అట్లు ఓడ దిగిన బాలురలో తానును ఒకడు.

ఎక్కడ జబ్బు రేగిన అక్కడికి ఆయనను పంపుచుండిరి. మెక్సికోలోను, ప్యూర్టోరికోలోను, మిసిసిపీ తీరమునను పనిచేసెను. రోగముల మధ్య తిరుగువానికి రోగములు తగులక మానవు. పీతజ్వరము, డెంగూ జ్వరము, టైఫస్ జ్వరము, ఈ మూడును ఆయనను పడవేసెను. మూడింటినుండియు బ్రదికి బయటపడెను. 1909లో గడ్డి పరుపులపై పండుకొన్న వారికి వచ్చు ఒక విధమైన దద్దుర్లకు కారణము కనుగొనవలసి రాగా, తన చేతిని ఆ పరుపుల నడుమ ఉంచి, దద్దుర్లు లేచిన పిదప ఆ గడ్డిని జల్లించి, అందలి సూక్ష్మమైన పురుగును పట్టుకొనెను. పరీక్ష మొదట తన శరీరము మీదనే జరుగవలెననునది ఆయన స్వభావము.

1906లో మేరీ ఫారర్ అను యువతిని వివాహమాడెను. ఆమె న్యూ ఆర్లియన్సు నగరమునందలి ఉన్నత క్రైస్తవ కుటుంబమునకు చెందినది. ఇరుపక్షముల పెద్దలకును ఈ సంబంధము మొదట ఇష్టము లేకుండెను. నెలల తరబడి ఇల్లు విడిచి తిరుగు భర్తతో ఆమె నలుగురు బిడ్డలను పెంచి కాపురము నడిపెను. ఆమె మాట ఈ కథలో మరల వచ్చును.

1914లో ప్రభుత్వము పెల్లాగ్రా పరిశోధనను గోల్డ్‌బర్గరునకు అప్పగించెను. అప్పటికి ఆయనకు 40 ఏండ్లు. ఆయన సూక్ష్మదర్శినితో ప్రారంభింపలేదు. ఉన్మాద చికిత్సాలయములును, అనాథ శరణాలయములును తిరిగి చూడ మొదలిడెను. కొలది వారములలోనే ఒక సంగతి ఆయన కంటబడెను. చికిత్సాలయములందు రోగులకు పెల్లాగ్రా వచ్చుచుండెను గాని, వారికి పరిచర్య చేయు నర్సులకును సేవకులకును ఎన్నడును వచ్చుట లేదు. రోగిని తాకి, వాని బట్టలు మార్చి, వాని ప్రక్కనే నిదురించువారికి సోకని అంటువ్యాధి యుండునా? ఇరువురకును గల భేదమేమని ఆయన వెదకెను. అది వంటయింటిలో దొరికెను. సేవకులకు మాంసము, పాలు, గ్రుడ్లు లభించుచుండెను. రోగులకు మొక్కజొన్న సంకటియు, బెల్లపు మడ్డియు, ఉప్పులో ఊరవేసిన పంది కొవ్వును దినదినమును పెట్టుచుండిరి.

మిసిసిపీ రాష్ట్రమున జాక్సన్ నగరమునందలి అనాథ శరణాలయములలో మరియొక చిత్రము కనబడెను. 6 ఏండ్లలోపు పసివారికి పెల్లాగ్రా లేదు. 12 ఏండ్లు దాటినవారికిని దాదాపుగా లేదు. నడుమ వయస్సువారినే అది పీడించుచుండెను. ఒకే కప్పు క్రింద నివసించు పిల్లలలో రోగమునకు ఈ వయోభేదమేల? పసివారికి పాలు పోయుచుండిరి. పెద్దవారు పొలములో పనిచేయుదురు కావున వారికి కొంత మాంసము పెట్టుచుండిరి. నడిమి పిల్లలకు రెండును లేవు.

ప్రభుత్వ ధనముతో ఆ శరణాలయములకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు జాతి గింజలు ఆయన తెప్పించెను. మఱి దేనిని మార్పలేదు. పిల్లలు అవే గదులలో, అవే పడకలపై నుండిరి. మరుసటి వసంతము వచ్చెను. ముందటి యేట జబ్బుపడి, సంవత్సరము పొడవునను పరిశీలనలో నున్న 170 మందికి పైగా పిల్లలలో ఒక్కరికి మాత్రమే అది తిరుగబెట్టెను. జార్జియా రాష్ట్రపు ఉన్మాద చికిత్సాలయములోను ఇట్లే జరిగెను. కొంతకాలమునకు ప్రభుత్వ ధనము ఆగిపోయి, పిల్లలకు మరల పాత తిండియే పెట్టగా, పెల్లాగ్రా మరల వచ్చి కూర్చుండెను.

మంచి తిండితో జబ్బు పోవుట తేలినది. చెడు తిండితో జబ్బు పుట్టుటయు చూపవలెను. జాక్సన్ నగర సమీపమున రాంకిన్ అను చోట ఖైదీలచే సేద్యము చేయించు ఒక జైలు క్షేత్రము కలదు. 1915లో మిసిసిపీ గవర్నరు ఎర్ల్ బ్రూవర్ ఒక ఏర్పాటునకు ఒప్పుకొనెను. ప్రయోగమునకు లోబడిన ఖైదీలకు శిక్ష రద్దు చేయబడును. 12 మంది ముందుకు వచ్చిరి. ఒకరు వేరు జబ్బు వలన మధ్యలో తొలగింపబడిరి. ఏప్రిలు 19వ తేదీనుండి వారికి మొక్కజొన్న, తెల్ల గోధుమపిండి, వరి అన్నము, చిలగడదుంప, కొద్దిగా ఆకుకూర, చక్కెర, పాకము, కాఫీ ఇచ్చిరి. తిండి కడుపునిండ పెట్టిరి. మాంసము, పాలు, గ్రుడ్లు, పప్పుజాతులు మాత్రము లేవు. కొన్ని వారములకు వారికి నీరసమును, తలనొప్పియు, కడుపునొప్పియు ప్రారంభమయ్యెను. అక్టోబరు ముగియునప్పటికి 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా మచ్చలు స్పష్టముగా కనిపించెను. అదే క్షేత్రమున మామూలు తిండి తినుచున్న తక్కిన ఖైదీలలో ఒక్కరికిని రాలేదు. నవంబరు 1వ తేదీన 11 మందియు విడుదలయిరి. స్వేచ్ఛను ఎరగా చూపి మనుష్యులను రోగగ్రస్తులను చేయుట నేటి వైద్యనీతికి సమ్మతము కాదు. ఆనాడును దానిని గర్హించినవారు లేకపోలేదు. అయితే వారిలో కొందరి కోపము ఖైదీల పక్షమున గాక, హంతకులకు విడుదల దొరికెనే యని!

ఇంత జరిగినను ఎందరో వైద్యులు నమ్మలేదు. జబ్బు కంటికి కనబడని క్రిమి వలననే వచ్చుచున్నదని వాదించిరి. కొందరు ప్రయోగమే బూటకమనిరి. గోల్డ్‌బర్గరునకు సహజముగా ఓర్పు ఎక్కువ. కాని ఈ నింద ఆయనను బాధించెను. 1916 ఏప్రిలు 26వ తేదీన, తన సహాయకుడైన డాక్టరు జార్జి వీలరుతో కలిసి ఒక పనికి పూనుకొనెను. పెల్లాగ్రా రోగి రక్తమును తీసి ఒకరికొకరు సూదితో ఎక్కించుకొనిరి. రోగుల ముక్కునుండియు గొంతునుండియు తీసిన స్రావమును తమ ముక్కులలోను గొంతులలోను పూసికొనిరి. చర్మమునుండి రాలిన పొలుసులను, మలమూత్రములను పిండితో కలిపి మాత్రలు చేసి మింగిరి. చదువుటకే జుగుప్స కలిగించు ఈ పని ఏడు పర్యాయములు వేర్వేరు చోట్ల జరిగెను. మొత్తము 16 మంది పాల్గొనిరి. మేరీ గోల్డ్‌బర్గర్ తననుగూడ చేర్చుకొనవలసినదని పట్టుబట్టెను. మాత్రలు మింగుటకు పురుషులు సమ్మతింపలేదు. అప్పుడామె మరణావస్థలో నున్న ఒక రోగి రక్తమును ఎక్కించుకొనెను. వారాలు గడచెను, నెలలు గడచెను. 16 మందిలో ఒక్కరికిని పెల్లాగ్రా రాలేదు.

జబ్బు తిండిలో నున్నది. మఱి ఆ తిండి ఏల అట్లున్నది? ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అను అర్థశాస్త్రజ్ఞుని తోడు చేసికొని, దక్షిణ కెరొలినాలో నూలు మిల్లుల కూలీలు నివసించు గ్రామములను గోల్డ్‌బర్గర్ 1916 మొదలు పరిశీలించెను. మొదటి యేడు 7 గ్రామములు, మరుసటి యేడు 24. రెండు వారములకొకసారి ఇంటింటికిని పోయి రోగులను లెక్కించిరి. ఏ ఇంట ఎంత ఆదాయము, ఎంత పాలు, ఎంత మాంసము కొన్నారో దుకాణపు పద్దులు చూచి వ్రాసికొనిరి. ఆదాయము తగ్గినకొలది రోగము హెచ్చుచుండెను. ఒకే కూలి దొరకు గ్రామములలో సైతము, చుట్టుప్రక్కల రైతులు తాజా కూరలు, పాలు, మాంసము తెచ్చి అమ్ము ఊళ్ళలో రోగము తక్కువగా నుండెను. అంతటను ప్రత్తియే పండించు సీమలో కూలివానికి డబ్బున్నను కొనుటకు పాలు దొరకవు. పాలుకు సేద్యము చేయు రైతు ఇంటి గుమ్మము వరకు ప్రత్తియే వేయవలెను. పంట వచ్చువరకు దుకాణమున అప్పు తెచ్చుకొని తినవలెను. అప్పుకు దొరకునవి మొక్కజొన్నపిండి, కొవ్వు, మడ్డి. ప్రత్తి ధర 1920లో పడిపోయెను. మరుసటి యేడు వేలకొలది జనమునకు పెల్లాగ్రా రానున్నదని గోల్డ్‌బర్గర్ హెచ్చరించెను. కేంద్ర ప్రభుత్వము సాయము చేయబోగా, తమ సీమలో కరవున్నదనుట అవమానమని దక్షిణాది నాయకులు మండిపడిరి. పాలు లేని పిల్లల సంగతి వెనుకబడిపోయెను.

ఇక మిగిలినది ఒకే ప్రశ్న. పాలలోను మాంసములోను ఉండి, మొక్కజొన్నలో లేని ఆ వస్తువేది?

మనము తిను మాంసకృత్తులు అమైనో ఆమ్లములను చిన్న భాగముల కూర్పు. గొలుసునందలి పూసల వలె అవి ఒకదానితో నొకటి కూడి యుండును. సుమారు 20 విధములైన ఈ పూసలలో 9 విధములను మన శరీరము చేసికొనలేదు. వానిని తిండినుండియే పొందవలెను. అట్టి వానిలో నొకటి ట్రిప్టోఫాన్. దానిని 1901లో ఇంగ్లండున ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్, సిడ్నీ కోల్ అనువారు కనుగొనిరి. మొక్కజొన్నయందలి ముఖ్యమైన మాంసకృత్తు పేరు జీన్. అందు ట్రిప్టోఫాన్ లేదు. జీన్ తప్ప వేరు మాంసకృత్తు ఇవ్వని ఎలుకపిల్లలు బ్రదుకజాలవని హాప్కిన్స్ 1906లో చూపెను.

గోల్డ్‌బర్గర్ ఈ సంగతులను ఎరుగును. 1922లో ఆయనయు, సహాయకుడు డబ్ల్యు. ఎఫ్. టానరును, పెల్లాగ్రాకు మూలము ఏదో అమైనో ఆమ్లపు లోపమే కావచ్చునని ప్రకటించిరి. రోగికి ట్రిప్టోఫాన్ ఇచ్చి చూడగా గుణము కనిపించెను. కాని దారి అక్కడ మలుపు తిరిగెను. కుక్కలకు నల్లనాలుక అను ఒక జబ్బు వచ్చును. అది పెల్లాగ్రావంటిదే. కుక్కలకు ఆ జబ్బు తెప్పింపవలెనని చప్పని మొక్కజొన్న తిండి పెట్టగా అవి తినలేదు. ఆకలి పుట్టించుటకై కొంచెము ఈస్టు కలిపిరి. ఎంతకాలమైనను వానికి జబ్బు రాలేదు! పిండిని పులియబెట్టునట్టి ఆ ఈస్టే మందని తేలెను. అది మిక్కిలి చవక, బీదలకు అందుబాటైనది. అయితే మాంసకృత్తులు బహు కొద్దిగా నున్న ఈస్టు రసముకూడ పనిచేయుచుండెను. అందుచే అమైనో ఆమ్లపు ఊహ సరికాదేమోనని గోల్డ్‌బర్గర్ దానిని ప్రక్కనబెట్టి, పెల్లాగ్రాను నివారించు ఒక విటమిను కలదని నిశ్చయించి, దానికొరకు వెదకసాగెను. 1927లో మిసిసిపీ నది పొంగి లక్షలాది జనము నిర్వాసితులైనపుడు, ఆయన సలహాపై రెడ్‌క్రాస్ సంఘము ఈస్టును పంచిపెట్టెను.

ఆ విటమినును ఆయన చూడలేదు. 1929 జనవరి 17వ తేదీన, మూత్రపిండమున పుట్టిన పుట్టకురుపుచే వాషింగ్టను నగరమున మరణించెను. వయస్సు 54 ఏండ్లు. ఆయన చితాభస్మమును పొటోమాక్ నదిలో కలిపిరి. నోబెల్ బహుమానమునకు ఆయన పేరు పలుమార్లు సూచింపబడెను గాని అది దక్కలేదు.

1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు, నల్లనాలుక గల కుక్కకు నికోటినిక్ ఆమ్లమును ఇచ్చి నయము చేసెను. గోల్డ్‌బర్గర్ వెదకిన విటమిను అదియే. దానినే నియాసిన్ అందురు. కొలది కాలమునకే అది మనుష్యులకును మందైనది. ఏండ్లతరబడి మంచమెక్కిన రోగులు కొలది దినములలో తేరుకొనిరి. 1940 దశకమున అమెరికాలో రొట్టెల పిండిలో దానిని కలుపుటయు, ప్రజల ఆదాయము పెరుగుటయు తోడై, పెల్లాగ్రా దక్షిణ సీమనుండి తొలగిపోయెను.

అయినను ఒక చిక్కు విడిపోలేదు. పాలలో నియాసిన్ మిక్కిలి తక్కువ. మఱి జాక్సన్ నగరపు అనాథలను పాలు ఎట్లు కాపాడెను? 1945లో ఎల్వెజెమ్ ప్రయోగశాలయందే దీనికి సమాధానము దొరికెను. నియాసిన్ లేని ఎలుకలకు ట్రిప్టోఫాన్ ఇచ్చినను సరిపోవుచుండెను. శరీరము ట్రిప్టోఫానునుండి నియాసినును స్వయముగా తయారు చేసికొనగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫానునుండి 1 మిల్లీగ్రాము నియాసిన్ ఏర్పడును. పాలలోను, గ్రుడ్లలోను, మాంసములోను ట్రిప్టోఫాన్ విరివిగా నున్నది. ఈస్టులో నియాసినే యున్నది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. ఉన్న నియాసిన్ కూడ బంధింపబడి శరీరమునకు అందదు. మెక్సికో దేశీయులు అనాదిగా మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రుబ్బుకొందురు. సున్నము ఆ బంధమును విప్పును. ఐరోపావారు అమెరికానుండి మొక్కజొన్న గింజను తీసికొనిపోయిరి గాని, ఈ వంటను తీసికొనిపోలేదు. 1922లో గోల్డ్‌బర్గర్ రోగికి ఇచ్చిన ట్రిప్టోఫాన్ ఏల గుణమిచ్చెనో, ఆయన పోయిన 16 ఏండ్లకు గాని తెలియలేదు.

పెల్లాగ్రా మన దేశమునకు పరాయిది కాదు. తెలంగాణమున జొన్నయే ముఖ్యాహారముగా బ్రదుకు బీదకూలీలలో ఇది కనిపించుచుండెను. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నయందువలె తక్కువ కాదు. అందలి నియాసిన్ అంతగా బంధింపబడి యుండలేదు. అట్లయిన జబ్బెందుకు? 1960లో హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమున డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకాంతయ్యలు మరియొక అమైనో ఆమ్లము వైపు వేలు చూపిరి. దాని పేరు ల్యూసిన్. అది జొన్నలో అధికము. ఒక అమైనో ఆమ్లము లోపించుటయే గాక, మరియొకటి మితిమీరుటయు హాని చేయునని వారి వాదము. పిమ్మట ఆ పరిశోధనాలయముననే కుక్కపిల్లల తిండిలో ల్యూసిన్ హెచ్చించి చూడగా వానికి నల్లనాలుక జబ్బు వచ్చెను. ఈ వాదమును అందరు శాస్త్రజ్ఞులును అంగీకరింపలేదు. ల్యూసిన్ ఒక్కటియే కారణము కాదనియు, బి6 విటమిను కొరతయు తోడగుననియు తరువాతి పరిశోధనలు సూచించెను. తిండిలో పప్పును, పాలును చేరిన ఇండ్లలో మాత్రము జొన్న తినువారికి ఈ జబ్బు బెడద లేకుండెను.